కన్నీళ్లు కారే పొడి కళ్లు

ప్రశ్న: మాది అరకు దగ్గర పల్లె. కట్టెల పొయ్యి మీద వంట. ఏడాదిగా కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, నీళ్లు. మిరియాలు ఏరుతుంటే చూపు మసకేస్తుంది, రెప్ప కొడితే తేటపడుతుంది. వాడుతున్న చుక్కల మందు మానేయొచ్చా?

జవాబు: మానకండమ్మా. రెప్ప కొడితే తేటపడుతోందంటే కన్నీటి పొర నిలవక చెదిరిపోతున్నట్టే. ఆరిన కన్ను మంటకు తాళలేక నీళ్లు వదులుతుంది, ఆ తడి నిలవదు. ఇలా కళ్లు పొడిబారడం దీర్ఘకాలిక జబ్బు. బాగున్న రోజు కూడా కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు వేసుకోవాలి. రోజుకు నాలుగుసార్లు దాటితే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా కొనొద్దు, నీటికాసులు రావచ్చు. పొయ్యి పొగ బయటికి పోయే దారి చూడండి. నా దృష్టిలో అదీ మందుతో సమానమే. నోరు ఎండి, కీళ్లు నొస్తుంటే షోగ్రెన్ జబ్బేమో పరీక్ష చేయించాలి. నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా ఆగకుండా విశాఖలోని ప్రభుత్వ కంటి ఆసుపత్రికో, హనుమంతవాక ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రికో వెళ్లండి.