డిజిటల్ గీతభాండాగారమున లోపము – నాశము : ఒక పరిశీలనము

పాణిని లోపమును నాశముగా చెప్పలేదు. ఉండవలసినది కనబడకపోవుటయే లోపమని ఆయన ఆశయము (1-1-60). ప్రత్యయము లోపించినను దానిని నిమిత్తముగా గొనిన కార్యము నిలుచునని కూడ విధించినాడు (1-1-62). కంప్యూటరులో దాచిన పాటలు కనబడనపుడు ఈ వివేకమే మనకు మొదట కావలసినది.

వేదపారాయణములు, హరికథలు, కచేరీలు టేపులనుండి కంప్యూటరున కెక్కించిన పిమ్మట మూలమైన టేపు శిథిలమైనచో ఆ ఫైలే ఏకైక ప్రతి యగును. అట్టిది కనబడనపుడు “పోయినది” అని పట్టికనుండి కొట్టివేయుటకు ముందు, ఆ లోపము ఏ జాతిదో నిర్ణయింపవలెను. అది మూడు విధములు.

మొదటిది సూచీలోపము. ఐట్యూన్స్ వంటి ప్రోగ్రాముల పట్టికలో పాట యుండదు. డిస్కుపై అది యున్న మార్గము మాత్రమే వ్రాయబడి యుండును. ఎవరైన ఫోల్డరు పేరు మార్చినను, ఫైలును వేరొక డిస్కునకు తరలించినను ఆ మార్గము తెగును. అపుడు పాట పేరు ప్రక్కన ఆశ్చర్యార్థకము కనబడును. పాట మాత్రము క్షేమముగనే యుండును. పూర్వపు పేరును మరల నుంచుటయో, క్రొత్త చోటును చూపుటయో చాలును. ఇచ్చట తగని పని, ఖాళీ పద్దులను తుడిచివేయుట. గాయకుని పేరు, రాగము, నిడివి ఆ పద్దులోనే యున్నవి. ప్రత్యయము కనబడకున్నను దాని కార్యము మిగిలినట్లు, పాటను గుర్తింపవలసిన సాక్ష్యము అచ్చటనే మిగిలి యున్నది.

రెండవది నామలోపము. డిస్కునుండి ఫైలును తొలగించినపుడు సాధారణముగా దాని చిరునామా మాత్రమే చెరుగును. ధ్వని దాచిన భాగము, దానిపై మరియొకటి వ్రాయబడు వరకు నిలిచి యుండును. కనుక ఆ డిస్కుపై వెంటనే వ్రాత మానవలెను. వెలికితీసిన ఫైళ్లను వేరొక డిస్కులోనే భద్రపరుపవలెను. ఎస్.ఎస్.డి. అను నూతన డిస్కులలో తొలగించిన చోటును యంత్రమే తుడుచుట కలదు. అచ్చట ఆశ స్వల్పము. ఫోటోరెక్ వంటి ప్రోగ్రాములు ఫైలు లోపలి లక్షణములను బట్టి దానిని వెలికితీయును గాని పూర్వపు పేరును తేజాలవు. నామరూపములలో రూపము మాత్రమే దక్కును.

ఆ పేరును మరల తెలిసికొనుట మన శాస్త్రమునకు పరిచితమైన పనియే. తాళపత్ర గ్రంథమునకు చివర పుష్పిక యున్నట్లు, ఐడి3 తొలి పద్ధతి ననుసరించిన ఎం.పి.3 ఫైలు చివర 128 బైట్లలో పాట పేరు, గాయకుని పేరు, సంవత్సరము మొదలగునవి యుండును. అదియు లేనిచో పాటను విని ముద్రను పట్టవలెను: గురుగుహ ముద్ర దీక్షితులను, శ్యామకృష్ణ ముద్ర శ్యామశాస్త్రిని, మువ్వగోపాల ముద్ర క్షేత్రయ్యను చూపును. పరిమాణము కూడ సాక్షియే. సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున నమోదైన 5 నిమిషముల పాట సుమారు 48 లక్షల బైట్లుండవలెను. దక్కినది 30 లక్షలే యైనచో అది ఖండితప్రతి.

మూడవది స్వరూపలోపము. ధ్వనియే చెరిగినపుడు ఏ ప్రోగ్రామును చాలదు, ప్రత్యంతరమే శరణ్యము. మైస్పేస్ సంస్థ 2003 మొదలు 2015 వరకు చేరిన పాటలను సర్వర్ల మార్పిడిలో పోగొట్టినట్లు 2019లో వెల్లడి యైనది. వాని సంఖ్య 5 కోట్లకు పైమాట యని అంచనా. పరిశోధనార్థము కొందరు విద్యావంతులు 2008–2010 మధ్య సేకరించి యుంచుకొన్న సుమారు 4,90,000 పాటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ ఆ ఏడే లోకమునకు అందించినది. అది నూటికి ఒక వంతైనను కాదు. ఆ మాత్రము దక్కుటకు కారణము యంత్రము కాదు, వేరొక చోట ప్రతి యుండుటయే.

ప్రత్యంతరమును లేనిచో ఏమగునో తాళ్లపాక సంకీర్తనములు తెలుపుచున్నవి. తిరుమల సంకీర్తన భాండారపు రాగిరేకులపై మాతువు నిలిచినది, రాగనామము నిలిచినది; స్వరలిపి లేనందున ధాతువు నిలువలేదు. 20వ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు పెక్కింటికి స్వరకల్పన చేసి వానికి గానయోగ్యతను కలిగించిరి. అది మహోపకారము. అయినను అన్నమాచార్యుల ధాతువు వేరు, ఆధునిక కల్పన వేరు. అట్లే పోయిన నమోదు స్థానమున మరియొక గాయకుని పాటనో, మరియొక కచేరీలోని పాటనో చేర్చినపుడు ఆ సంగతిని పద్దులో స్పష్టముగా వ్రాయవలెను. వ్రాయనిచో అది పునరుద్ధరణము కాదు, ప్రక్షేపము.

కావున గ్రంథాలయాధికారులు పాటించవలసిన క్రమ మిది: లోపము కనబడగనే పట్టికను ఉన్నదున్నట్లు ప్రతి తీయుట, డిస్కుపై వ్రాత నిలుపుట, లోపజాతిని నిర్ణయించుట, దక్కినదానికి ఆకరమును పేర్కొనుట, ప్రతి పాటకును వేర్వేరు స్థలములలో రెండు ప్రతులైన నుంచి వానిని ఏటేట వినిచూచుట. లోపము యంత్రధర్మము, దానిని నాశముగా పరిణమింపజేయునది మన తొందరపాటు.