సెల్‌ఫోను వినియోగమున మితము

ఒకనాటి సాయంకాలము మా తల్లిగారు నాతో నేదియో చెప్పుచుండిరి. నేను సెల్‌ఫోను చూచుచునే ఊ కొట్టుచుంటిని. ఆమె ఎప్పుడు మాట మానిరో నే నెఱుగను. తరగతిలో ఏండ్ల తరబడి బాలురకు ఏకాగ్రతను బోధించిన నాకు ఆ మౌనమే పాఠమయ్యెను.

ఫోను స్వతః చెడ్డది కాదు. 2016లో ప్రారంభమైన యూపీఐ వలన చిల్లర వర్తకుడును క్షణములో పైకము పుచ్చుకొనుచున్నాడు. దూరదేశమున నున్న కుమారుని ముఖమును తల్లి చూడగలుగుచున్నది. ఈ మేలును కాదనుట అవివేకము.

అయినను, అందలి కొన్ని యేర్పాట్లు మన చూపును కట్టివేయుటకే కల్పింపబడినవి. పుస్తకమున అధ్యాయమునకు ముగింపు కలదు. అచ్చట చదువరి ఆగి, "ఇక చాలునా?" యని తన్ను ప్రశ్నించుకొనును. 2006లో ఏజా రాస్కిన్ అను నిపుణుడు రూపొందించిన అంతులేని స్క్రోలింగు పద్ధతిలో అట్టి ఆగుచోటు లేదు. తరువాతి కాలమున ఆయనయే దానికై విచారము వెలిబుచ్చెను.

మఱియొక కారణము కలదు. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ పావురములపై ప్రయోగములు చేసెను. బిళ్ళను ఎన్నిమార్లు పొడిచిన గింజ లభించునో తెలియనప్పుడు అవి విడువక పొడుచుచుండెను. క్రొత్త కబురు వచ్చెనేమోయని మనము మాటిమాటికి ఫోను తీయుటయు నిట్టిదే. కావున దీనిని కేవలము మనోదౌర్బల్యమని తలచి కుమిలిపోరాదు; నియమముతో జయింపవలెను.

పిల్లల విషయమున మఱింత జాగ్రత్త వలయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన సూచనల ప్రకారము రెండేండ్లు నిండని శిశువులకు తెర తగదు. రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు 1 గంట మించరాదు. తగ్గిన కొలది మేలు. అన్నము తినిపించుటకై ఫోను చేతికిచ్చు తల్లిదండ్రులు దీనిని గమనింతురు గాక!

ఆచరణీయములు:

1. భోజనవేళ ఎవరి చేతను ఫోను ఉండరాదు.

2. నిద్రకు గంట ముందు దానిని వేఱొక గదిలో నుంచవలెను. రాత్రివేళ తెర వెలుతురు నిద్రకు తోడ్పడు మెలటోనిన్‌ను తగ్గించును.

3. అనవసరమైన నోటిఫికేషన్లను ఆపివేయవలెను.

4. ఫోను తీయుటకు ముందు "ఏ పనికై?" యని తలచి, పని ముగియగనే క్రింద పెట్టవలెను.

ఈ నియమములు పెద్దలతోనే మొదలు కావలెను. పెద్దలు పాటింపనిది పిల్లలకు చెప్పిన ఫలము లేదు.

ఇప్పుడు మా యింట సాయంకాలము ఫోను అలమరలో నుండును. మా తల్లిగారు చెప్పిన కథనే మఱల చెప్పుదురు. నేను తుదివరకు వినుచున్నాను.