ఐప్యాడ్‌తో సింథ్‌ను నడిపించాలంటే

ప్రశ్న: ఐప్యాడ్‌లోని సీక్వెన్సర్ యాప్‌తో నా కోర్గ్ వోల్కా కీస్‌ను వాయించాలి. బ్లూటూత్ సరిపోతుందా?

జవాబు: కేబులే వాడండి. బ్లూటూత్ మిడిలో చిన్న ఆలస్యం ఉంటుంది, పైగా అది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. స్వరాలు పట్టుకోవడానికి ఫర్వాలేదు కానీ, తాళం నిలకడగా ఉండాల్సిన సీక్వెన్స్‌కు పనికిరాదు. వోల్కా కీస్‌కు యూఎస్‌బీ లేదు, ఐదు పిన్నుల మిడి ఇన్ మాత్రమే ఉంది. అందుకని డ్రైవర్ అక్కర్లేని, క్లాస్ కంప్లయంట్ యూఎస్‌బీ మిడి ఇంటర్‌ఫేస్ ఒకటి కొనండి. పాత లైట్నింగ్ ఐప్యాడ్ అయితే ఆపిల్ కెమెరా అడాప్టర్ కూడా కావాలి; చార్జింగ్ సాకెట్ ఉన్నదే తీసుకోండి.

చాలామంది తికమకపడేది తర్వాతే. యాప్ మిడి క్లాక్ పంపితే (ప్రతి క్వార్టర్ నోట్‌కు 24 పల్స్‌లు) వోల్కా ఆ వేగాన్నే అనుసరిస్తుంది. అయితే యాప్‌లో ప్లే నొక్కగానే వోల్కాలోని సొంత సీక్వెన్స్ కూడా మొదలై, రెండు వరసలూ కలగాపులగమవుతాయి. వోల్కాలో ఖాళీ ప్యాటర్న్ పెట్టండి, లేదా యాప్‌లో క్లాక్ పంపడం ఆపేయండి. రెండింటి మిడి చానల్ ఒకటేనా అన్నదీ చూసుకోండి.

ఇవి కుదిరాక యాప్‌లో ఒక స్లైడర్‌కు కంట్రోల్ నంబర్ 44 ఇవ్వండి. అది ఫిల్టర్ కటాఫ్. వేలితో గీసిన వంపు ప్రకారం నాదం విచ్చుకోవడం వింటారు. అసలు ఆనందమంతా అక్కడే ఉంది.