పళ్లు తెల్లబరిచాక పచ్చిమామిడి తినొచ్చా?

నూజివీడు చుట్టుపక్కల కోతలు మొదలయ్యాయంటే మా డెంటల్ క్లినిక్‌కి వచ్చేవాళ్ల బాధలూ మారిపోతాయి. పెదవి చివర సొన పొక్కులు, పళ్ల సందుల్లో ఇరుక్కున్న రసాల పీచు, పుల్లకాయలు తిని జివ్వుమంటున్న పళ్లు. పెళ్లి ముహూర్తాలూ ఈ కాలంలోనే ఎక్కువ కాబట్టి, ఫొటోల కోసం పళ్లు తెల్లగా చేయించుకుని వచ్చి, ఇంటి నిండా కాయలు పెట్టుకుని ఏం తినాలో తెలియక సతమతమయ్యేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాళ్లవే.

ప్రశ్న: నా వయసు 24. ఈ నెలాఖరున పెళ్లి. నాలుగు రోజుల క్రితం విజయవాడలో పళ్లు తెల్లగా చేయించుకున్నాను. రంగున్న పదార్థాలేవీ రెండు రోజులు ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు. ఇంట్లో ఆవకాయ ముక్కలు కొడుతుంటే నిన్న ఆగలేక ఉప్పూకారం అద్దుకుని కలెక్టర్ కాయ ముక్కలు నాలుగు తిన్నాను. కారం రంగు పట్టేస్తుందేమోనని వెంటనే లేచి గట్టిగా బ్రష్ చేశాను. అప్పటినుంచి మంచినీళ్లు తాగినా పళ్లు జివ్వుమంటున్నాయి. పాడైపోయాయా? చిన్నరసాలు కూడా మానేయాలా? — ఒక పాఠకురాలు, ఆగిరిపల్లి

జవాబు: పాడైపోలేదమ్మా, కంగారు పడకండి. కానీ నిన్న మీరు చేసిన రెండు పనుల్లో తప్పు కాయ తినడం కాదు, తిన్న వెంటనే బ్రష్ పట్టుకోవడం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు. రంగుకు భయపడతారు, పులుపును పట్టించుకోరు.

పంటి పైపొర ఎనామిల్, దాని కింద డెంటిన్. తెల్లబరిచే మందు హైడ్రోజన్ పెరాక్సైడ్. అది ఎనామిల్ గుండా లోపలికి దిగి, పంటికి పసుపు, గోధుమ రంగులనిచ్చే పదార్థాలను విరగ్గొడుతుంది. ఆ దారిలోనే కొంత మందు పంటి నరం దాకా చేరుతుంది. డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. చల్లటిది, పుల్లటిది తగిలితే ఆ ద్రవం కదులుతుంది, ఆ కదలిక నరానికి జివ్వుమని తెలుస్తుంది. వైద్యం చేయించుకున్న మొదటి 24 గంటల్లో ఇది ఎక్కువగా ఉండి, కొద్ది రోజుల్లో తనంతట తానే తగ్గిపోతుంది. మీకు తగ్గుతున్న సమయంలో నిన్నటి పులుపు, దాని మీద బ్రష్ మళ్లీ దాన్ని లేపాయి.

మన భాషలో దీనికి మంచి మాటే ఉంది, పళ్లు పులిశాయంటాం. పుల్లకాయ తిన్నాక అన్నం ముద్ద నమలాలన్నా పళ్లు ఒప్పుకోవు, చిన్నప్పుడు తోటల్లో తిరిగిన అందరికీ అది తెలుసు. జరిగేదేమిటంటే, నోటిలో ఆమ్లత్వం పీహెచ్ 5.5 కన్నా కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. పచ్చి మామిడి రసం 3కి దగ్గరలో ఉంటుంది. కలెక్టర్ కాయ తియ్యగా, పులుపు లేనట్టే అనిపిస్తుంది గానీ పంటి దృష్టిలో అదీ పులుపే. కరిగిన పైపొర కాసేపు మెత్తబడి ఉంటుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ నెమ్మదిగా వచ్చి చేరి ఆ పొరను మళ్లీ గట్టిపరుస్తాయి. ఆ వ్యవధి ఇవ్వకుండా బ్రష్‌తో రుద్దితే మెత్తబడిన పొర ఊడి పోతుంది. అలా పోయింది ఇక తిరిగి రాదు. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే లేకుండా పోతాయి. పైగా ఎనామిల్ పలచబడ్డకొద్దీ కింద పసుపుగా ఉండే డెంటిన్ బయటికి కనబడుతుంది. అంటే రంగు అంటకూడదని పుల్లకాయ తినగానే రోజూ రుద్దేవాళ్ల పళ్లు కొన్నేళ్లకు మరింత పచ్చబడతాయి. ఒక్కరోజు చేసిన పనికి ఇంత జరగదు, అలవాటు మాత్రం చేసుకోకండి.

కాబట్టి పుల్లటిది తిన్నాక నోరు మంచినీళ్లతో రెండు మూడుసార్లు పుక్కిలించండి. బ్రష్ చేయడానికి కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. ఆ మధ్యలో రెండు ముద్దలు పెరుగన్నం తింటే ఇంకా మంచిది. పెరుగూ పుల్లనిదే కదా అని అడుగుతారు. పుల్లనిదే, కానీ అందులో కాల్షియం, ఫాస్ఫేట్ నిండుగా ఉండటం వల్ల ఎనామిల్ నుంచి ఖనిజం లాక్కోదు. తెల్లబరిపించుకున్న మొదటి రెండు రోజులకు మన ఇళ్లలో పెరుగన్నం కన్నా మంచి భోజనం నాకు తట్టదు. దానితోపాటు ఇడ్లీ, కొబ్బరి చట్నీ, పాలు, అరటిపండు, ఉడికించిన గుడ్డు. పసుపు వేసిన పప్పు, చింతపండు పులుసు, టీ, కాఫీ, నేరేడు పండ్లు, కిళ్లీ ఆ రెండు రోజులూ పక్కన పెడితే చాలు. ఇంట్లో ట్రేతో చేసుకునే పద్ధతిలో కాఫీ తాగినవాళ్లకూ తాగనివాళ్లకూ చివరి ఫలితంలో పెద్ద తేడా లేదని చూపిన అధ్యయనాలున్నాయి. అయినా క్లినిక్‌లో గాఢమైన మందుతో చేయించుకున్నవాళ్లకు నేను రెండు రోజుల జాగ్రత్త చెబుతూనే ఉంటాను, దానివల్ల పోయేదేమీ లేదు గనుక.

ఇక చిన్నరసాలు. తినండమ్మా. మాగిన రసంలో పులుపు పచ్చికాయలో ఉన్నంత ఉండదు. ఆ పచ్చరంగు టీ మరకలా, పసుపు మరకలా పంటిని పట్టుకుని ఉండటం నేను చూడలేదు. రెండు మూడు విషయాలు మాత్రం చూసుకోండి. కాయను ముందు నీళ్లలో నానబెట్టి, ముచ్చిక తీసి, మొదట వచ్చే సొన పిండేశాకే నోట పెట్టుకోండి. మామిడి జీడిమామిడి కుటుంబంలోదే, దాని సొన చర్మాన్ని కాలుస్తుంది. వైద్యం తర్వాత చిగుళ్లు పచ్చిగా ఉంటే మంట రెట్టింపవుతుంది. టెంకను గంటసేపు చీకుతూ కూర్చోకుండా భోజనంతోపాటే ముగించండి, పుల్లనిదైనా తియ్యనిదైనా పంటిని ఎంతసేపు అంటుకుని ఉందన్నదే ముఖ్యం. పీచు ఇరుక్కుంటే పిన్నీసుతో, అగ్గిపుల్లతో పొడవకండి. ఫ్లాస్ దారం వాడండి.

జివ్వుమనడం తగ్గడానికి 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, మెత్తటి బ్రష్ వాడండి. రాత్రి పడుకునే ముందు అదే పేస్టును వేలితో జివ్వుమనే పళ్ల మీద రాసి, కాసేపాగి ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు పట్టొచ్చు. అంతవరకూ కుండ నీళ్లకు బదులు గోరువెచ్చని నీళ్లు తాగండి. నొప్పి వారం దాటినా, ఒక్క పంటిలోనే ఉన్నా, రాత్రిళ్లు నిద్రలోంచి లేపేలా ఉన్నా డాక్టరుకు చూపించండి. అది తెల్లబరచడం వల్ల వచ్చింది కాకపోవచ్చు. పిప్పి పన్నో, పగిలిన పన్నో ఉండొచ్చు.

మరొక్క మాట. వైద్యం చేసిన రోజు పళ్లు తడి ఆరి, అసలు రంగుకన్నా తెల్లగా కనిపిస్తాయి. వారం, రెండు వారాల్లో కొద్దిగా దిగి స్థిరపడతాయి. పెళ్లి దగ్గరికొచ్చేసరికి రంగు తగ్గిందని మరోసారి చేయించుకోవడానికి పరుగెత్తకండి. మీకిది జరిగి తీరుతుంది, అదే మీ పళ్ల సరైన తెలుపు.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాను, వయసు 17. ముందు పళ్ల మీద సుద్దలాంటి తెల్ల మచ్చలు, కొన్నిచోట్ల గోధుమ రంగు మరకలు ఉన్నాయి. నవ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. హాస్టల్లో అందరూ సరిగ్గా తోముకోవంటారు. పళ్లు తెల్లగా చేసే జెల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోనా? — ఒక విద్యార్థి

జవాబు: తెప్పించుకోవద్దు బాబూ. ముందుగా ఒకటి గట్టిగా చెబుతున్నాను, నువ్వు తోముకోకపోవడం వల్ల వచ్చిన మరకలు కావవి. నువ్వు రాసినదాన్ని బట్టి అది ఫ్లోరోసిస్ కావచ్చు. పసితనంలో, చిగురు కింద పళ్లు తయారవుతున్న వయసులో, తాగే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ గట్టిగా పేరుకోదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడి బృందం మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను నమోదు చేసింది. కనిగిరి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోవే. నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. ఆ నీళ్లు తాగి పెరిగిన తప్పు నీది కాదు, మీ అమ్మానాన్నలదీ కాదు. ఆ మాట నీ స్నేహితులకు నేను చెప్పానని చెప్పు.

జెల్ ఎందుకు వద్దంటే, అది పన్నంతటినీ తెల్లబరుస్తుంది గానీ మచ్చను చెరపదు. మొదట్లో సుద్ద మచ్చలు ఇంకా ఎక్కువగా కనబడే అవకాశం కూడా ఉంది. నీలాంటి పళ్లకు పైపొరను అతి పలుచగా రుద్దే మైక్రో అబ్రేషన్, మచ్చలోకి పల్చటి రెజిన్‌ను ఇంకించే పద్ధతి, అవసరమైతే ఆ తర్వాత తెల్లబరచడం, ఇలా వరుసగా చేస్తారు. ఐరోపా దేశాల్లో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్ మందును 18 ఏళ్లలోపు వాళ్లకు వాడటాన్ని 2011లోనే చట్టంతో ఆపారు. ఏడాది ఆగితే నీకు నష్టమేమీ లేదు. సెలవుల్లో విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లి చూపించుకో. చెయ్యి మాత్రం ఇప్పుడే దించెయ్యి బాబూ.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. మామిడి తోటలు చేస్తాను. చిన్నప్పటి నుంచీ మామిడాకు మడిచి పళ్లు తోముకునేవాణ్ని, అప్పుడప్పుడూ కచ్చిక. మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చి, బలవంతాన తీసుకెళ్లి పళ్లు తెల్లగా చేయించాడు. ఇప్పుడు మళ్లీ మామిడాకు వాడొచ్చా? ఇంటిదగ్గర కొందరు బొగ్గు పేస్టు మంచిదంటున్నారు. — ఒక రైతు, ముసునూరు

జవాబు: పెద్దవారు, ఇన్నేళ్లు పళ్లు నిలబెట్టుకున్నారంటే మీ అలవాటును నేను చులకన చేయను. లేత ఆకు మెత్తగా ఉంటుంది, పాచి కొంత పోతుంది. అయితే ఆకు తొడిమలోనూ సొన ఉంటుంది. చిగుళ్లు కుదుటపడేదాకా, అంటే ఓ రెండు వారాలు, దాన్ని ఆపండి. ఆ తర్వాత కావాలంటే ఉదయం ఆకుతో తోముకోండి, కానీ రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తప్పకుండా తోముకోండి. ఆకులో లేనిది, మీ వయసులో వేరు దగ్గర పన్ను పిప్పి పట్టకుండా కాపాడేది ఆ ఫ్లోరైడే.

కచ్చిక, ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు మాత్రం వద్దేవద్దు. బొగ్గు పేస్టు కూడా గరుకుగా రుద్దేదే. మొదట్లో మరక పోయి తెల్లబడినట్టు ఉంటుంది, ఆ రుద్దుడుకే ఎనామిల్ అరుగుతుంది. నిమ్మరసంలో వంటసోడా కలిపి రాయమని ఎవరైనా చెబితే అదీ వద్దు. మీ పళ్ల మెడల దగ్గర చిగురు దిగి ఉంటే అక్కడ ఎనామిల్ అసలే ఉండదు, రుద్దేకొద్దీ గాడి పడుతుంది. చుట్ట అలవాటుంటే అది కూడా మానాలి. తెలుపు కోసం మాత్రమే కాదు, నోటి క్యాన్సర్ భయం ఉంది కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న: పైవరసలో ముందు పన్ను ఒకదానికి క్యాప్ ఉంది. మిగతావి తెల్లబడ్డాక అది ఒక్కటే పచ్చగా కనబడుతోంది. క్యాప్‌కు మళ్లీ జెల్ పెట్టించాలా? — ఒక పాఠకురాలు, విస్సన్నపేట

జవాబు: పెట్టినా ప్రయోజనం లేదమ్మా. క్యాప్, పంటి రంగు సిమెంటు ఫిల్లింగు ఏ మందుకూ తెల్లబడవు. చేయించుకోకముందే మీకు ఈ మాట చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు రెండు వారాలు ఆగి, రంగు స్థిరపడ్డాక దానికి సరిపోయే కొత్త క్యాప్ వేయించుకోండి. ఫిల్లింగులు మార్చాలన్నా అదే గడువు, వెంటనే అతికిస్తే పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల అతుకు బలంగా పట్టదు.

ప్రశ్న: కాయలు కోస్తుంటే చిక్కం కర్ర జారి మా తమ్ముడి ముందు పంటికి తగిలింది. అప్పుడు నొప్పి తగ్గిపోయింది. రెండేళ్లకు ఆ ఒక్క పన్ను నల్లబడింది. ఒక పార్లర్‌లో పళ్లు తెల్లగా చేస్తామంటున్నారు, వెళ్లొచ్చా? — ఒక పాఠకుడు, రెడ్డిగూడెం

జవాబు: వెళ్లొద్దు. దెబ్బకు లోపలి నరం చచ్చిపోయి పన్ను నల్లబడి ఉండొచ్చు. పైన ఎంత జెల్ రాసినా లోపలి రంగు అలాగే ఉంటుంది, వేరు చివర చీము మాత్రం నొప్పి లేకుండానే పెరగొచ్చు. ముందు ఎక్స్‌రే తీయించండి. నరం పోయిందని తేలితే రూట్ కెనాల్ చేసి, ఆ తర్వాత పంటి లోపలే మందు ఉంచి తెల్లబరుస్తారు. ఒకటి రెండు వారాల్లో మంచి తేడా కనిపిస్తుంది. అది ముగిశాక లోపలి రంధ్రాన్ని గట్టిగా మూయించుకోవాలి. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకోవాలి, ఎందుకంటే దెబ్బ తగిలి తెల్లబరిచిన పళ్లలో కొన్నిటికి మెడ దగ్గర వేరు తినేసే జబ్బు మెల్లగా వస్తుంది.

పార్లర్ల గురించి కూడా చెబుతాను. మన దేశంలో చట్టం ప్రకారం పంటి వైద్యం చేయాల్సింది రిజిస్టరైన డెంటిస్టే. ఇంట్లో ట్రేలో వాడే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ అంటే దాదాపు మూడున్నర శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. క్లినిక్‌లో వాడేది 35, 40 శాతం దాకా ఉంటుంది. అది చిగురుకు తగిలితే చర్మం తెల్లగా కాలిపోతుంది. ఆ కాలిన మచ్చ ఒకటి రెండు రోజుల్లో మానుతుంది గానీ, చిగురును కప్పి కాపాడటం, పిప్పి పన్ను ఉందేమో ముందే చూడటం తెలియనివాళ్ల చేతిలో పెట్టాల్సిన మందు కాదది. మీ తమ్ముడి పంటికి చచ్చిన నరం ఉందో లేదో పార్లర్‌లో ఎవరూ చూడరు. వచ్చే వారంలోపే అతన్ని గన్నవరం దగ్గర చినఅవుటపల్లి డెంటల్ కాలేజీకి గానీ, మీకు దగ్గరలోని రిజిస్టరైన డెంటిస్టు దగ్గరికి గానీ తీసుకెళ్లండి. దెబ్బ తగిలిన సంవత్సరం, నెల గుర్తుచేసుకుని వెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.