ముందు గోడ, ఆ తర్వాతే చెక్క



కొత్త ఇంటి ఎలివేషన్‌కు చెక్క క్లాడింగ్ వేయించాలనుకుంటున్నామని, బర్మా టేకు, ఘనా టేకు, థర్మోపైన్‌లలో ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పమని రాశావు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదమ్మా. పైగా అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఏ గోడకు వేస్తున్నావు, పలకని గోడకు ఎలా బిగిస్తారు, ఆ గోడ మీద ఎంత వెడల్పు పలక ఎన్ని వరసలు పడుతుంది అన్నవి ముందు తేలాలి. అవి తేలితే చెక్క ఎంపిక సగం అయిపోయినట్టే. మనవాళ్ళు మాత్రం అడితికి వెళ్ళి, పేరు అడిగి, ధర అడిగి, అడ్వాన్సు ఇచ్చొచ్చాకే టేపు బయటికి తీస్తారు. చెక్క బయట గోడ మీద పాడైతే నింద చెక్క మీదికే పోతుంది. చాలాసార్లు తప్పు కొలతలోనూ బిగింపులోనూ ఉంటుంది.

దీనికి నార్వేలోని బోర్గుండ్ చర్చి మంచి సాక్ష్యం. 12వ శతాబ్దం చివర్లో పైన్ చెక్కతో కట్టారు, ఇప్పటికీ నిలబడే ఉంది. యూరప్ ప్రమాణాల్లో చెక్క మన్నికకు 1 నుంచి 5 దాకా తరగతులున్నాయి. ఒకటో తరగతిది అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అడవిలో ముదిరిన టేకు చేవ ఒకటో తరగతి. అక్కడి పైన్ చేవ మూడుకీ నాలుగుకీ మధ్య. అంటే మధ్యరకం చెక్క ఎనిమిది వందల ఏళ్ళు ఆగింది. గుంజల్ని నేలలో పాతకుండా, రాతి పునాది మీద దూలాలు పరిచి వాటిపై నిలబెట్టారు. కప్పుని అంచెలంచెలుగా ఏటవాలుగా దించారు. తారు పూత ఎప్పటికప్పుడు వేస్తూ వచ్చారు. అంతకు ముందు గుంజలు నేలలో పాతి కట్టిన చర్చిలేవీ ఇలా నిలవలేదు, అడుగున కుళ్ళిపోయాయి. అక్కడ చలి ఎక్కువ, చెదలు లేవు, విశాఖకు ఆ లెక్క ఎలా వర్తిస్తుందని నువ్వు అడగొచ్చు. నిజమే. మన దగ్గర చెక్క జాతికి విలువ ఎక్కువ, అది ఒప్పుకుంటాను. కానీ మన చెదలు చాలావరకు నేలలోంచే పైకి పాకుతాయి. క్లాడింగ్ అడుగు అంచు నేలకు కనీసం 6 నుంచి 8 అంగుళాల ఎత్తులో ఆగిపోయి, మధ్యలో ప్లింతు బోడిగా కనిపిస్తూ ఉంటే, చెద మట్టిదారి వేసిన రోజే కంటబడుతుంది. వాన చినుకు నేలను తాకి పైకి చిందే మురికి కూడా పలకకు అంతగా అంటదు. పూలకుండీలు, గార్డెన్ మట్టి తెచ్చి ఆ ప్లింతుకు ఆనిస్తే మాత్రం బర్మా టేకైనా చేయగలిగింది తక్కువ.

ఇక గోడల సంగతి. నీ ఇంటికి తూర్పున సముద్రం. ఉప్పుగాలి చెక్కకంటే మేకుల్ని ముందు తింటుంది. మామూలు ఇనుప స్క్రూలు తుప్పుపట్టి చెక్కలోని రసాయనాలతో కలిసి నల్లటి చారలు దించుతాయి. ఆ మరక సాండింగ్‌కి కూడా పూర్తిగా పోదు. సముద్రం దగ్గర 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడాలి. 304 సరిపోతుందని వడ్రంగి అంటే హైదరాబాదులో సరే అను. పడమటి గోడది ఇంకో బాధ. వేసవిలో మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఎండ నేరుగా కొడుతుంది. పలక బయటి ముఖం ఎండిపోతుంది, వెనక ముఖం అంతగా ఎండదు, దాంతో పలక గిన్నెలా వంగుతుంది. అందుకే పడమటికి వెడల్పు పలకలు పనికిరావు, సన్నవే వేయాలి. తుఫాను రోజుల్లో ఏ గోడా క్షేమం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు చూశారుగా, కన్ను దాటాక గాలి దిక్కే తిరగబడుతుంది. కానీ తుఫాను ఎప్పుడో వస్తుంది. రోజూ పడే ఎండా జల్లే చెక్క ఆయుష్షుని తేలుస్తాయి. నా మాట వింటే క్లాడింగ్‌ని రెండడుగుల సన్‌షేడ్ నీడ ఉన్న ముందు గోడకే పెట్టు. ఏ నీడా లేని పడమటి గోడను సిమెంటుకే వదిలెయ్.

బిగింపు గురించి మీ కాంట్రాక్టరు చెప్పింది నాకు నచ్చలేదు. గోడకు ప్లైవుడ్ కొట్టి దాని మీద పలకలు గమ్ముతో అంటిస్తే చాలంటున్నాడట. లోపలి గోడకైతే చెల్లుతుంది. బయట జల్లు ఎలాగూ సందుల్లోంచి వెనక్కి పోతుంది, ఆపలేం. లోపలికి వెళ్ళిన నీటికి దిగిపోయే దారి, తడిసిన వీపుకి ఆరే గాలి ఉన్నాయా అన్నదే ముఖ్యం. అందుకని ముందు గోడ ప్లాస్టరింగు, వాటర్‌ప్రూఫ్ పూత పూర్తిగా అవ్వాలి. ఆ మీద నిలువుగా రీపర్లు, కనీసం ముప్పావు అంగుళం నుంచి అంగుళం మందం, చెదమందు పట్టించినవి. వాటి మీద అడ్డంగా పలకలు. అడుగునా పైనా ఆ ఖాళీ తెరిచే ఉంచి, బల్లులూ పురుగులూ దూరకుండా స్టీలు జాలీ కొట్టాలి. పలకలు నిలువుగా కావాలంటే రీపర్లు అడ్డం తిరుగుతాయి, అప్పుడు నీళ్ళు వాటి మీదే నిలుస్తాయి. కాబట్టి ముందు నిలువు రీపర్లు, వాటి మీద అడ్డ రీపర్లు, ఇలా రెండు వరసలు పడతాయి. నిలువు పలకలు అందంగానే ఉంటాయి, కానీ ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో కనబడదు.

ఇప్పుడు కొలత. అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే, నువ్వు పంపిన ఎస్టిమేట్ చూశాను. ముందు గోడ 24 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 240 చదరపు అడుగులు. అందులో 4×7 తలుపుకు 28, 5×4 కిటికీకి 20 తీసేస్తే 192. అంతవరకు సరే. 6 అంగుళాల పలక గనక చదరపు అడుగుకు 2 రన్నింగ్ అడుగులు, మొత్తం 384, అంగుళం మందంలో 24 రన్నింగ్ అడుగులకు ఒక సి.ఎఫ్.టి. చొప్పున 16 సి.ఎఫ్.టి. అని కాంట్రాక్టరు తేల్చాడు. గుణకారం తప్పేం లేదు, 6 అంగుళాలే తప్పు. అది సామిల్లులో రంపం కోసిన కొలత. రెండువైపులా చిత్రిక పట్టేసరికి ఐదున్నర మిగులుతుంది. ఒక పలక నాలుక పక్క పలక గాడిలోకి అర అంగుళం దూరితే, గోడ మీద నిజంగా కప్పేది 5 అంగుళాలే. గుడ్డ ఎంత కావాలో చెప్పేముందు దర్జీ పన్నా అడిగినట్టు, ఇక్కడ ముందు అడగాల్సింది ఈ కప్పే వెడల్పు. 12ని 5తో భాగిస్తే 2.4. అంటే 192 చదరపు అడుగులకు 461 రన్నింగ్ అడుగులు. మూలల్లో కోతలు, ముడులున్న ముక్కలు, చివర పగుళ్ళు తీసేయడానికి 10 శాతం కలిపితే 507, అంటే 21 సి.ఎఫ్.టి. పదహారుకీ ఇరవై ఒకటికీ మధ్య తేడా పని సగంలో బయటపడుతుంది. అప్పుడు తెచ్చే చెక్క ఇంకో లాటులోది, రంగు కలవదు, తేమ కలవదు.

పలక తీరు మారితే లెక్క మళ్ళీ మారుతుంది. అదే ఐదున్నర అంగుళాల పలకని నాలుక, గాడి లేకుండా ఒకదాని మీద ఒకటి ఒకటిన్నర అంగుళం ఎక్కించి వేస్తే కప్పేది 4 అంగుళాలు. చదరపు అడుగుకు 3 రన్నింగ్ అడుగులు, మొత్తం 576, వృథా కలపకుండానే 24 సి.ఎఫ్.టి. ఇంత ఎక్కువ పట్టేదాన్ని ఎవరు వేస్తారని అనకు. వరసలు పేర్చి చూడు. నీ కిటికీ అడుగు 3 అడుగుల దగ్గర, కిటికీ తలా తలుపు తలా 7 అడుగుల దగ్గర. 5 అంగుళాల వరసైతే కిటికీ అడుగుకి 7.2 వరసలు, తలకి 16.8. రెండు చోట్లా పలకను నిలువునా చీల్చి సన్నటి బద్దలు అతకాలి. ముందుగా వంగేదీ ఊడేదీ ఆ బద్దలే. 4 అంగుళాల వరసైతే సరిగ్గా 9, 21, పైన స్లాబు కింద 30. ఎక్కడా సన్నటి బద్దలు అతకక్కర్లేదు. పైగా ఎక్కింపు వేసిన పలక నీటిని బయటికే జార్చేస్తుంది. నాలుక గాడి పలక నునుపుగా, నేటి ఫ్యాషన్‌గా ఉంటుంది గానీ దాని కొలత బిగుసుకుపోయింది, సర్దడానికి వీల్లేదు. ఎక్కింపులో పావు అంగుళం అటూ ఇటూ జరుపుకోవచ్చు. మన ఇళ్ళ గోడలకు ఆ వెసులుబాటు అవసరం. గోడ ఎత్తుని రెండు చివర్లా మధ్యలో మూడు చోట్ల కొలిపించు, స్లాబు అడుగు ఎక్కడా ఒకే మట్టంలో ఉండదు.

పొడవు కూడా లెక్కలోదే. రీపర్లు రెండేసి అడుగుల దూరంలో వేస్తే 24 అడుగులకి 13 పడతాయి. రెండు పలకల అతుకు రీపర్ మీదే రావాలి. 8 అడుగుల పలకలైతే వరసకి మూడు, ఏ ముక్కా మిగలదు. అడితిలో 7 అడుగులవి చవగ్గా ఇస్తానంటే అతుకు కోసం వాటిని 6కి నరకాలి, ఏడో వంతు పొయ్యిలోకి. చవక అక్కడే పోయింది. నరికిన ప్రతి చివరా ఆ రోజే సీలర్ పూయించు, చెక్క నీటిని తాగేది ఆ చివర్లలోంచే.

తేమని చాలామంది కొలతగా చూడరు. టేకు పచ్చిగా ఉన్నప్పటినుంచి పూర్తిగా ఎండేసరికి చుట్టుకొలత దిశలో దాదాపు 5.8 శాతం, మధ్యనుంచి బయటికి 2.5 శాతం కుంచించుకుంటుంది, పొడవులో మార్పు నామమాత్రం. అంటే తేమ ఒక శాతం తగ్గితే, చుట్టుకొలత దిశ వెడల్పులోకి వచ్చేలా కోసిన పలక వెడల్పు సుమారు 0.2 శాతం తగ్గుతుంది. 20 శాతం తేమతో తెచ్చిన పలక గోడ మీద 12 శాతానికి దిగితే, 140 మి.మీ. వెడల్పులో రెండు మి.మీ. పైగా పోతుంది. నాలుక గాడి వరసలు 24 ఉంటే మొత్తం రెండు అంగుళాలు. ఆ రెండు అంగుళాలూ సందులుగా మారి కనిపిస్తాయి. ఎండాకాలంలో బాగా ఎండిన పలకల్ని బిర్రుగా కొడితే దీనికి రివర్సు, శ్రావణంలో ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఐ.ఎస్. 287 ప్రమాణం దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలు చేసి, ఏ మండలంలో చెక్క ఎంత తేమతో ఉండాలో చెప్పింది ఇందుకే. చిన్న మాయిశ్చర్ మీటర్ కొనిపించి, కట్ట మధ్యలో ఉన్న పలకల నడిబొడ్డున గుచ్చి చూడు. చివర్లు ఎప్పుడూ ఎండే ఉంటాయి, అవి చూపించే అంకె నమ్మకు. కొన్న పలకల్ని సైటులో నీడన, మధ్య మధ్య బద్దలు పెట్టి పేర్చి రెండు మూడు వారాలు ఉంచితే విశాఖ గాలికి అవే సర్దుకుంటాయి.

ఇంత అయ్యాక చెక్క పేరు. టేకు అంటే సరిపోదు, టేకు చేవ అనాలి. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్క ఏ జాతిదైనా ఐదో తరగతే. తోటల్లో పెంచి లేతగా నరికిన దుంగల్లో ఆ తెలుపు ఎక్కువ, ఏ దేశపు టేకైనా ఇంతే. కాబట్టి బర్మానా ఘనానా అనే వాదన కన్నా ప్రతి పలక అంచునా తెలుపు ఎంతుందో చూడటం మేలు. పాలిష్ వేశాక తెలుపు కనబడదు, అంతకుముందే ఏరాలి. థర్మోపైన్ ఫిన్లండ్‌లో 1990లలో పుట్టిన పద్ధతి, పైన్ చెక్కను ఆవిరిలో 212 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఉబ్బడం, కుంచించడం బాగా తగ్గుతాయి, కుళ్ళు తట్టుకుంటుంది. కానీ పెళుసుబారుతుంది, చెదల్ని ఆపదు. మన నేలకి అదొక్కటే నాకు అనుమానం. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యు.పి.సి. పలకలు వేస్తే ఏ గొడవా ఉండదని మీ ఆయన అంటున్నాడట. దానికీ కదలిక ఉంది, చెక్క వెడల్పులో కదిలితే అది ఎండకు పొడవులో సాగుతుంది. చివర్ల సందు వదలకుండా బిగిస్తే వంకర్లు పోతుంది. నా ఓటు చేవ టేకుకే, గోడ ఒక్కటే కాబట్టి.

రంగు పోతుందన్న బెంగ వదిలెయ్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని లిగ్నిన్‌ని విడగొడితే వాన దాన్ని కడిగేస్తుంది, చెక్క బూడిదరంగుకి తిరుగుతుంది. మెత్తటి సూదాకు చెక్కలే నూరేళ్ళకి ఆరు మి.మీ. అరుగుతాయని అంచనా, టేకు ఇంకా తక్కువ. మెరిసే పి.యు. పాలిష్ మాత్రం బయట వద్దు, పగిలి పొరలుగా లేస్తుంది. రంగు కలిసిన నూనె పూత అయితే గీకకుండానే మళ్ళీ పూయొచ్చు.

నిప్పు భయం అన్నావు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటని పైకి ఎక్కించినవాటిలో ముఖ్యమైనది చెక్క కాదు, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న అల్యూమినియం పలకలు. అయినా పలకల వెనక ఖాళీ పొగగొట్టంలా పనిచేస్తుందన్నది చెక్కకీ వర్తిస్తుంది. ఇంగ్లండు 2018 డిసెంబరులో 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయట గోడల్లో మండే సామగ్రినే నిషేధించింది. నీది ఒకటే అంతస్తు, ఆ హద్దు దరిదాపుల్లో లేవు. ఆ ఖాళీలోంచి కరెంటు వైర్లు మాత్రం లాగనివ్వకు, ఏసీ బయటి యూనిట్‌ని చెక్క మీద తగిలించనివ్వకు.

అడ్వాన్సు ఇచ్చేముందు ముందు గోడ బొమ్మ గీయించి, కిటికీ అడుగు, తలుపు తల, స్లాబు అడుగు మూడు ఎత్తులూ అంగుళాల్లో రాసి నాకు పంపు. వరసలు పేర్చి, పలకల జాబితా పొడవులతో సహా రాసి తిరిగి పంపుతాను. దాన్ని పట్టుకుని అడితికి వెళ్దువు గాని.

ఇట్లు,
మీ మావయ్య