నీటికి కావలి కాయు పువ్వు

సర్జాపుర సముద్రమునకు దూరమున నున్నది. అయినను ఇచ్చటి కుటుంబములవారు వ్యాపారమునకును, బంధువుల యిండ్లకును తూర్పుతీరమునకు పోవుట కలదు. అట్లు పోయినపుడు ఇసుకదిబ్బలపై ప్రాకు నొక చిన్న మొక్కను గుర్తింపదగును. దాని శాస్త్రనామము హైడ్రోఫైలాక్స్ మారిటిమా. ఇందు మొదటి మాటకు గ్రీకుభాషలో ‘నీటి కావలి’ యని యర్థము.

ఇది కాఫీ కుటుంబమునకు చెందిన మొక్క. నేల నంటి ప్రాకును. ఆకులు దళసరిగా నుండును. లేత ఊదారంగు పువ్వునకు నాలుగు రేకులు. కాయ బెండువలె తేలికయగుటచే అలలపై తేలిపోయి వేరొకచోట మొలవగలదు. రెండవ లిన్నేయస్ 1782లో దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. సామర్లకోటలో కొంతకాలముండి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ రచించిన కోరమండల తీరపు మొక్కల గ్రంథము 1795–1820 మధ్య మూడు సంపుటములుగా వెలువడెను. అందును దీని చిత్రము కలదు.

ఇంత చిన్న మొక్క చేయు పని యేమి? గాలి తెచ్చిన యిసుక దీని కొమ్మల కడ్డుపడి నిలుచును. ఇసుక కప్పిన కొలది మొక్క పైకి వచ్చి, కణుపు కణుపునకు వేరు తన్నును. రావణాసురుని మీసాలు, బాలబంద తీగ దీని తోడి పనివారు. వీని శ్రమచే దిబ్బ నిలుచును. దిబ్బలో నింకిన వాననీరు తేలికయగుటచే ఉప్పునీటిపై నిలిచియుండును. తీరగ్రామముల మంచినీటి బావుల కిదియే ఆధారము.

నేడు దిబ్బలను చదును చేసి విడిదిగృహములు కట్టుచున్నారు. ఇసుకను బండ్ల కెత్తుచున్నారు. సరుగుడు తోటలు దట్టమైన చోట రాలిన ఆకు నేలను కప్పగా ఈ చిన్న మొక్కలకు ఎండయు, చోటును దొరకవు. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఇసుకదిబ్బలను మిక్కిలి కాపాడవలసిన వానిలో చేర్చినది. కాని చట్టము ప్రతి దిబ్బయొద్దను కాపలా నిలువజాలదు.

అసలును తినివేసి వడ్డీ కెదురుచూచు వర్తకుడు లేడు. దిబ్బ అసలు, బావినీరు వడ్డీ. దిబ్బను త్రవ్వి అమ్మినవాని కొకసారి సొమ్ము దొరకును. ఆ యూరి బావి ఉప్పగిలిన పిమ్మట కడివెడు మంచినీరు కొనవలసినవారు వేరొకరు. తీరమున స్థలము కొనువారు హద్దురాళ్లతోపాటు అచ్చటి మొక్కలను గూడ చూడవలెను. అడుగు చూచి వేయు నలవాటు గలవారి కిది కష్టము గాదు.