మన్యపు జ్వరము – కొడవలి రక్తకణము

పాడేరు పేరు వినగానే మైదానపు పెద్దలకు ఒకప్పుడు మొదట స్ఫురించునది చలిజ్వరమే. మన్యపు నీరు త్రాగినవానికి జ్వరము తప్పదని వారనెడివారు. ఆ మాటను మూఢనమ్మకమని త్రోసివేయుటకు మేము సాహసింపము. ఏలయనగా ఒకనాడు శాస్త్రజ్ఞుల అభిప్రాయమును దానికి దూరము కాదు. మలేరియా అను పదమునకు ఇటాలియను భాషలో చెడుగాలి అని అర్థము. 1880లో లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తమునందు పరాన్నజీవిని చూచిన పిమ్మట కూడ, అది దేహములోనికి ఎట్లు ప్రవేశించునో తెలియలేదు. రక్తము పీల్చిన దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు మాన్సన్ ఊహించెను.

ఆ ఊహ తప్పని తేలుటకు దారి మన తెలుగు గడ్డపైననే ఏర్పడినది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అను రోగి రక్తము పీల్చిన దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనుగొనెను. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టినదట. 1902లో నోబెల్ బహుమానము మాత్రము రాస్‌కు వచ్చినది. 1898లో కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ సహాయముతో, పక్షుల మలేరియా దోమకాటు వలననే వ్యాపించునని ఆయన నిరూపించెను. మన కొండలలో ఈ వ్యాధిని మోయు ఒక జాతి దోమ నెమ్మదిగా పారు గెడ్డల అంచులలో పెరుగును. కావున పెద్దల మాటలో కొంత సత్యము లేకపోలేదు: దోషము నీరు త్రాగుటలో లేదు, నీటి ఒడ్డున గలదు.

ఇంతకంటె విచిత్రమైన ఊహ 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ చేసినది. కొన్ని వంశపారంపర్య రక్తదోషములు మలేరియా ప్రబలిన సీమలలోనే ఎందుకు నిలిచియున్నవి? ఆ దోషము మలేరియా నుండి కాపాడుచున్నదేమో! ఆయన థలసీమియాను ఉద్దేశించి ఈ మాట అనగా, 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో కొడవలి రక్తకణము విషయమున దానిని చూపెను. హాల్డేన్ తరువాత మన దేశమునకు వచ్చి, 1964లో భువనేశ్వరములో మరణించెను. ఆయన కోరిక ప్రకారము దేహము కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరినది.

తూర్పు కనుమల గిరిజనులలో కొందరికి ఈ కొడవలి లక్షణము గలదు. హిమోగ్లోబిన్‌లో ఒక్క ఆమైనో ఆమ్లము మారుటయే మూలము. ప్రాణవాయువు తగ్గినపుడు ఆ అణువులు కడ్డీలవలె పేరుకొనగా, ఎర్రకణము కొడవలి ఆకారము దాల్చి సన్నని రక్తనాళములను అడ్డగించును. తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఒక్కరి వలన మాత్రము ఈ లక్షణము సంక్రమించినవారు సాధారణముగా ఆరోగ్యవంతులే. ప్రమాదకర మలేరియా వారిని అంతగా బాధింపదు.

ఎందువలన? లక్షణము గల కణములో పరాన్నజీవి చేరగా ఆ కణము త్వరగా వంగి, ప్లీహము దానిని తొలగించునని పాత అభిప్రాయము. 2011లో రెండు కొత్త ఊహలు వెలువడినవి. కణము రక్తనాళములకు అంటుకొనుటకు తోడ్పడు మాంసకృత్తును పరాన్నజీవి పైపొరకు చేర్చలేకపోవుచున్నదని ఒకటి. దేహమే వ్యాధిని సహించు శక్తిని పెంచుకొనుచున్నదని, ఎలుకలపై ప్రయోగములనుబట్టి, రెండవది. ఆఫ్రికాలో కొన్ని పరాన్నజీవులు ఈ కవచమును దాటుటకు తగిన మార్పులు పొందినవని 2021లో తెలిసినది. ఇంకను వాదము ముగియలేదు.

అయితే తల్లిదండ్రులు ఇరువురును లక్షణము గలవారైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒక వంతు. అందుకే 2023 జూలై 1న షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము గిరిజన ప్రాంతములలో రక్తపరీక్షలు తలపెట్టినది. లక్షణము గలవారిని రోగులుగా ఎంచి పెండ్లి సంబంధములు చెడగొట్టుట అన్యాయము. వధూవరులు ఇరువురి ఫలితములను కలిపి చూచుటయే ఆ పరీక్ష ప్రయోజనము.

మరియొక మాట. తల్లిదండ్రుల కవచము వ్యాధి గల బిడ్డకు లేదు. మలేరియా సోకినచో ఆ బిడ్డ రక్తము ఒక్కసారిగా క్షీణించి ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇంట ఒక్కటే దోమతెర ఉన్నపుడు, అది వేయవలసినది ఆ పసివాని పడకకే.